క్లయింట్ కొనుక్కొచ్చిన థీమ్‌తో నెగ్గుకురావడం ఎలా

"చెల్లె, థీమ్ కొన్న. ఐదు వేలు పెట్టిన. మా బామ్మర్ది డెమో చూపిచ్చిండు, మస్తుంది. ఇగ నువ్వు మన ఫొటోలు, మన పేరు పెడితే అయిపాయె. రెండు రోజుల పనే గదా?"

వనస్థలిపురంలో పచ్చళ్ల షాపు నడిపే అన్న ఫోన్ ఇది. థీమ్ అంటే, సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌కి రెడీమేడ్‌గా దొరికే రూపం. అప్పటికే ఆ థీమ్ ఎక్కించి ఎవరో డెవలపర్ సైట్ కొంత నడిపించాడు. ఇలాంటి ఫోన్ నాకు నెలకి ఒకటన్నా వస్తుంది. అమీర్‌పేటలో పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ని రాసిన కోడ్ భాష) నేర్చుకుని, ఎస్సార్ నగర్‌లో టిఫిన్ సెంటర్ పైన ఒక గది అద్దెకు తీసుకుని వర్డ్‌ప్రెస్ పని మొదలుపెట్టి పదమూడేళ్లయింది. ఈ పదమూడేళ్లలో సొంతంగా మొదటి నుంచి కట్టిన సైట్లకంటే, ఎవరో కొనుక్కొచ్చిన థీమ్ మెడలు వంచిన సైట్లే ఎక్కువ.

మొదట్లో నేను చేసిన తప్పు ఒకటి ముందే చెప్పేస్తాను. థీమ్ కోడ్ చెత్తగా ఉందని తెలియగానే దాన్ని బాగుచేయాలని కూర్చునేదాన్ని. ఒక ఫంక్షన్ హాల్ సైట్‌కి మూడు వారాలు అలాగే కూర్చున్నాను. ఫైలు తర్వాత ఫైలు శుభ్రం చేశాను. పని అప్పగించిన వారానికి థీమ్‌కి అప్‌డేట్ వచ్చింది. ఓనర్ గారు ఎర్రగా కనిపించిన అంకె మీద నొక్కారు. నా మూడు వారాల పని పది సెకన్లలో పోయింది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. థీమ్‌ని బాగుచేయను. క్లయింట్ సొంత సరుకు, అంటే ఐటమ్‌లు, ధరలు, ఆర్డర్లు, రాతలు, వీటిని థీమ్ చేతిలోంచి బయటికి తీస్తాను. థీమ్‌ని మాత్రం అది ఉన్నచోటే ఉంచి, ముట్టుకోకుండా పని జరుపుకుంటాను. కింద రాసినదంతా ఆ పని ఎలా చేయాలన్నదే.

ముందు రసీదు అడగండి

ఒప్పుకోకముందే అడగాల్సింది: ఎక్కడ కొన్నారు, ఎవరి అకౌంట్‌తో కొన్నారు, రసీదు ఏది? థీమ్‌లు అమ్మే థీమ్‌ఫారెస్ట్ సైట్లో కొంటే పర్చేజ్ కోడ్ అని ఒకటి ఇస్తారు. రెగ్యులర్ లైసెన్స్ ఒక్క సైట్‌కే పనికొస్తుంది. సపోర్ట్ ఆరు నెలలు, ఇంకొంత కడితే పన్నెండు నెలల వరకూ పెంచుకోవచ్చు. మా అన్న విషయంలో కొన్నది బామ్మర్ది, కార్డు బామ్మర్ది ఫ్రెండ్‌ది. ఆ లాగిన్ చేతికి రావడానికే నాలుగు రోజులు పట్టింది. అది రాకుండా పని మొదలుపెట్టకండి. రేపు అప్‌డేట్ కావాలన్నా, సపోర్ట్ అడగాలన్నా ఆ అకౌంటే దిక్కు.

"కొనలేదు మేడమ్, టెలిగ్రామ్‌ల ఫ్రీగా దొరికింది" అన్నారంటే నేను ఆ ఫైల్ తెరవను. థీమ్‌లోని పీహెచ్‌పీ కోడ్ కోడ్‌ని ఎవరైనా పంచుకోవచ్చనే జీపీఎల్ లైసెన్స్ కిందికి వస్తుంది కాబట్టి పంచుకోవడం తప్పు కాదని వాదించేవాళ్లు ఉన్నారు. లైసెన్స్ మాట పక్కన పెట్టండి. పంచినవాడు మధ్యలో ఏం కలిపాడన్నదే నా భయం. డబ్ల్యూపీ-వీసీడీ అనే మాల్‌వేర్ ఇలాంటి దొంగ కాపీల వెంటే ఊరేగింది. ఒక్క థీమ్‌తో లోపలికి వస్తుంది, ఆ సైట్లో ఉన్న మిగతా థీమ్‌ల ఫంక్షన్స్ ఫైళ్లలోనూ తన కోడ్ రాసుకుంటుంది. ఒక డెంటల్ క్లినిక్ సైట్లో దాన్ని నాలుగుసార్లు తుడిచాను, నాలుగుసార్లూ తిరిగొచ్చింది. చివరికి అంతా తీసేసి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

కాపీ మీద రెండు గంటలు

రసీదు వచ్చాక ధర చెప్పను. "రెండు గంటలు చూస్తా, మూడు వేలు తీసుకుంటా, పని నాతో చేయించుకున్నా సరే, వేరేవాళ్లతో చేయించుకున్నా సరే" అంటాను. ఈ మూడు వేలకి ఒప్పుకోని క్లయింట్ తర్వాత ముప్పై వేల పనికి మూడు వేలే ఇస్తాడు. ఇది నా అనుభవం.

ఫైళ్లు, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీసి, పాస్‌వర్డ్ పెట్టిన సబ్‌డొమైన్‌లో కాపీ నిలబెట్టండి. బయట నడుస్తున్న సైట్ మీద చేయి పెట్టొద్దు. కాపీలో ముందుగా మూడు పనులు: గూగుల్‌కి కనపడకుండా సెట్టింగ్ పెట్టడం, పేమెంట్ గేట్‌వేని టెస్ట్ మోడ్‌లోకి మార్చడం, మెయిళ్లు ఆపడం. ఒకసారి మూడోది మర్చిపోయాను. కాపీ సైట్ నుంచి పాత కస్టమర్లందరికీ "మీ ఆర్డర్ పూర్తయింది" అని మెయిళ్లు వెళ్లాయి. ఆ మధ్యాహ్నం షాపువాళ్లకి వచ్చిన ఫోన్లన్నిటికీ సారీ చెప్పింది నేనే.

తర్వాత అదే వెర్షన్ థీమ్‌ని అమ్మినచోటు నుంచి కొత్తగా దించి, సైట్లో ఉన్నదానితో ఫైలు పక్కన ఫైలు పెట్టి పోల్చండి. దీనికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఐదు నిమిషాల పని. సాధారణంగా తాజా వెర్షనే దొరుకుతుంది, పాతది కావాలంటే థీమ్ రాసినవాళ్లకి మెయిల్ పెట్టి అడగాలి. ఈ పోలికతో చాలా సంగతులు బయటపడతాయి. ఇంతకుముందు పనిచేసిన డెవలపర్ నేరుగా థీమ్ ఫైళ్లలోనే చేసిన మార్పులన్నీ కనిపిస్తాయి. పచ్చళ్ల సైట్లో ఫుటర్ ఫైల్లోనే వాట్సాప్ నంబర్ కొట్టి ఉంది, అదీ పాత నంబర్. థీమ్ అప్‌డేట్ నొక్కి ఉంటే అలాంటివన్నీ పోయేవి. పాత డెవలపర్‌ని తిట్టకండి. పొద్దున్నే పని అడిగి సాయంత్రానికి కావాలన్న క్లయింట్ దగ్గర నేనూ అలా చేసినదాన్నే.

ఇక కోడ్‌లో తప్పులు పట్టిచ్చే డీబగ్ ఆన్ చేయండి. కాన్ఫిగ్ ఫైల్లో డీబగ్, డీబగ్ లాగ్ రెండూ ఆన్, తెరమీద చూపించేది ఆఫ్. తప్పులన్నీ డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లోని లాగ్ ఫైల్లో పడతాయి. బయట సైట్లో ఎప్పుడైనా ఆన్ చేస్తే ఆ లాగ్ ఫైల్‌ని తర్వాత తీసేయండి, అడ్రస్ తెలిస్తే ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. కాపీలో పీహెచ్‌పీని 8కి మార్చండి. 7.4కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబర్‌తోనే ఆగిపోయాయి, అయినా "దాన్ని కదిలిస్తే సైట్ పోతుంది" అని హోస్టింగ్‌లో అలాగే ఉంచేవాళ్లు బోలెడుమంది. మార్చగానే తెల్ల పేజీ వచ్చిందంటే లాగ్‌లో ఆఖరి లైను చూడండి. పాత థీమ్‌లలో తరచుగా కనిపించేది క్రియేట్ ఫంక్షన్ అనే పిలుపు. దాన్ని 8.0లో పూర్తిగా తీసేశారు. ఉత్త వార్నింగ్‌లే వస్తుంటే టెన్షన్ పడొద్దు, వాటితో కాపురం చేయొచ్చు.

థీమ్ ఫోల్డర్ మొత్తంలో కొన్ని మాటల కోసం వెతుకుతాను. ఎవాల్ (రాతని కోడ్‌గా నడిపేది), బేస్64 డీకోడ్ (మరుగున పెట్టిన రాతని విప్పేది) రెండూ ఒకే లైన్లో ఉంటే ప్రమాదం. బేస్64 ఒక్కటే కనిపిస్తే కంగారు లేదు, సెట్టింగులు ఇంపోర్ట్ చేయడానికి మంచి థీమ్‌లూ వాడతాయి. అడ్రస్ బార్‌లో వచ్చిన మాటని వడకట్టకుండా అలాగే పేజీలో అచ్చేస్తున్న చోట్లు చూస్తాను. టిమ్‌థంబ్ అనే పాత ఫొటో స్క్రిప్ట్ ఉందేమో చూస్తాను. 2011లో దానిలో బయటపడ్డ కన్నంతో ఎక్కడెక్కడి సైట్లూ హ్యాక్ అయ్యాయి. ఇప్పటికీ పాత థీమ్‌లలో ఏ మూలో దొరుకుతుంది, దొరికితే అక్కడికక్కడే తీసేయాలి. క్వెరీ పోస్ట్స్ అన్న పిలుపు కూడా ఒక గుర్తే. దాన్ని వాడొద్దని వర్డ్‌ప్రెస్ డాక్యుమెంటేషనే చెబుతుంది. మా అన్న సైట్లో బ్లాగులో రెండో పేజీ నొక్కినా మొదటి పేజీ పోస్టులే రావడానికి కారణం అదే.

థీమ్‌తో పాటు "ఫ్రీగా" వచ్చిన ప్లగిన్ల (సైట్‌కి అదనపు పనులు నేర్పే కోడ్ ప్యాకెట్ల) జాబితా రాసుకోండి. పేజీ బిల్డర్, స్లయిడర్ ఇలా వస్తాయి. వీటి లైసెన్స్ థీమ్ రాసినవాళ్ల పేరు మీద ఉంటుంది కాబట్టి క్లయింట్‌కి నేరుగా అప్‌డేట్ రాదు, థీమ్‌వాళ్లు తమ తర్వాతి వెర్షన్‌లో కట్టి ఇచ్చేదాకా ఆగాల్సిందే. 2014లో స్లయిడర్ రివల్యూషన్ ప్లగిన్‌లో కన్నం బయటపడినప్పుడు దెబ్బతిన్న సైట్లలో చాలామందికి ఆ ప్లగిన్ తమ దగ్గర ఉందనే తెలియదు. థీమ్ కడుపులో వచ్చింది మరి.

థీమ్ పీకి చూడండి

రెండు గంటల్లో ఆఖరి పరీక్ష ఇది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. కాపీ సైట్లో కొన్న థీమ్ ఆపేసి, వర్డ్‌ప్రెస్‌తో వచ్చే మామూలు థీమ్ పెట్టండి. ట్వంటీ ట్వంటీ-ఫోర్ అయినా సరే, ఏదైనా సరే. అందం చూడొద్దు. ఏం మాయమైందో చూడండి.

పచ్చళ్ల సైట్లో థీమ్ పీకగానే వూకామర్స్ (వర్డ్‌ప్రెస్‌లో షాపు నడిపే ప్లగిన్) ఐటమ్‌లు అలాగే ఉన్నాయి, బతికిపోయాం. కానీ "మా బ్రాంచీలు", "కస్టమర్ల మాటలు" అనే రెండు మెనూలు అడ్మిన్‌లోంచే మాయమయ్యాయి. హోమ్ పేజీ నిండా చదరపు బ్రాకెట్లు, వాటి మధ్య ఏవో కోడు ముక్కలు. "మా కథ" పేజీలో వదిన కూర్చుని రాసుకున్న నాలుగు పేరాలూ ఆ బ్రాకెట్ల మధ్య ఇరుక్కున్నాయి.

బ్రాంచీలు, కస్టమర్ల మాటలు నిజానికి పోలేదు. డేటాబేస్‌లో ఉన్నాయి. వాటిని చూపించే కోడ్ థీమ్‌లో ఉంది కాబట్టి థీమ్ పోగానే కనపడటం లేదు. ఇది థీమ్ రాసేవాళ్లు చేయకూడని పని. రూపం థీమ్‌లో ఉండాలి, సరుకు ప్లగిన్‌లో ఉండాలి. మీరు చేయాల్సిందల్లా అదే పోస్ట్ టైప్‌ని (బ్రాంచీలు, కస్టమర్ల మాటలు లాంటి సరుకు రకాన్ని), అక్షరం మార్చకుండా అదే పేరుతో, ఒక చిన్న సొంత ప్లగిన్‌లో రిజిస్టర్ చేయడం. ఇరవై లైన్లు కూడా ఉండవు. పెట్టగానే మెనూలు తిరిగొస్తాయి. తర్వాత పర్మాలింక్ (పేజీల అడ్రస్‌ల) సెట్టింగ్‌లోకి వెళ్లి ఏమీ మార్చకుండా ఒకసారి సేవ్ నొక్కాలి, లేకపోతే లింకులన్నీ 404 చూపిస్తాయి. నేను ఈ ప్లగిన్‌ని ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డర్‌లో వేస్తాను. అక్కడ ఉంటే క్లయింట్ పొరపాటున డీయాక్టివేట్ చేయలేరు.

బ్రాకెట్ల సంగతికి పేజీలు లెక్కపెట్టండి. పన్నెండు పేజీలైతే కూర్చుని చేత్తో బ్లాక్ ఎడిటర్‌లోకి మార్చేయండి, పూట పని. దిల్‌సుఖ్‌నగర్ స్కూల్ ఒకదానికి నూట నలభై పేజీలు ఉన్నాయి. అక్కడ ఆ షార్ట్‌కోడ్ (బ్రాకెట్లలోని కోడు ముక్కల) పేర్లనే పట్టుకుని, లోపలి రాతని మాత్రం శుభ్రంగా బయటికిచ్చే చిన్న కోడ్ రాసుకున్నాను. అందంగా ఉండదు, కానీ రాత చదవడానికి వస్తుంది. స్క్రిప్ట్ రాసి మొత్తం డేటాబేస్ మార్చేద్దామని ఆవేశపడకండి. ఒకదాని లోపల ఒకటి ఉన్న షార్ట్‌కోడ్‌లు మీ స్క్రిప్ట్‌ని ముప్పుతిప్పలు పెడతాయి.

వదినకి చెప్పిన బ్లౌజ్ లెక్క

పరీక్ష అయ్యాక మాట్లాడటం కష్టమైన భాగం. "మీరు కొన్న థీమ్ వేస్ట్" అని చెప్పొద్దు. ఐదు వేలు వాళ్లవి, ఏరింది బామ్మర్ది. ఆ మాట ఇంట్లో గొడవ అవుతుంది, ఆ కోపం చివరికి మీ మీదికే వస్తుంది.

షాపుకే వెళ్లాను. అన్న లోపల జాడీలు దించుతున్నాడు, కౌంటర్లో వదిన.

"డెమోల అట్లనే ఉంది గదా, మనకెందుకు అట్ల రాదు?" అంది వదిన.

"వదినా, రెడీమేడ్ బ్లౌజ్ కొంటవ్ గదా. బొమ్మకి ఏసినప్పుడు మస్తుంటది. నీకు టైట్ అయితే టైలర్ దగ్గరికి పోతవ్. టైలర్ మొదట ఏం చూస్తడు?"

"లోపల కుట్టుల గుడ్డ ఇడిచిండ్రా లేదా అని."

"ఇడిచిపెడితే?"

"ఇప్పి కుడతడు. ఇడవకపోతే పక్కకి వేరే గుడ్డ ఎయ్యాలె."

"మన థీమ్‌ల గుడ్డ ఇడవలేదు వదినా. పక్కకి గుడ్డ ఏసి కుడతా. అందుకే రెండు రోజులు కాదు, పన్నెండు రోజులు."

వదినకి అర్థమైంది. అన్నకి వదినే చెప్పింది, నాకంటే బాగా.

ఆ సాయంత్రమే వాట్సాప్‌లో మూడు ముక్కలు రాసి పంపాను, వాళ్లు "సరే" అని జవాబిచ్చేదాకా పని మొదలుపెట్టలేదు. నేను చేసేది ఇదీ, దీనికి ఇంత. థీమ్ రాసినవాళ్లే బాగుచేయాల్సినవి ఇవీ, వీటికి నేను టికెట్ పెడతాను కానీ ఎప్పటికవుతుందో మాట ఇవ్వను. మీరు ఇవ్వాల్సినవి ఇవీ: ఫొటోలు, ధరల లిస్టు, లాగిన్‌లు. నలభై పేజీల అగ్రిమెంట్ మన క్లయింట్లు చదవరు. ఈ మెసేజ్ చదువుతారు. ఏడాది తర్వాత తగువొస్తే పైకి జరిపి చూపించొచ్చు కూడా.

చైల్డ్ థీమ్‌లో కాలు జారే మూడు చోట్లు

చైల్డ్ థీమ్ అంటే అసలు థీమ్‌ని ముట్టుకోకుండా మన మార్పులు విడిగా పెట్టుకునే చిన్న థీమ్. మార్పులన్నీ అందులోనే చేయాలని ఈ పని చేసే అందరికీ తెలుసు. మంచి థీమ్‌కైతే అది పది నిమిషాల పని. చెత్త థీమ్‌కి చైల్డ్ పెట్టగానే ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు.

చైల్డ్ యాక్టివేట్ చేయగానే తెల్ల పేజీ రావచ్చు. అసలు థీమ్ రాసినవాడు తన ఫైళ్లని పిలవడానికి టెంప్లేట్ డైరెక్టరీ బదులు స్టైల్‌షీట్ డైరెక్టరీ అని రాసి ఉంటాడు. చైల్డ్ లేనంతకాలం రెండూ ఒకటే ఫోల్డర్, తప్పు బయటపడదు. చైల్డ్ పెట్టగానే రెండోది చైల్డ్ ఫోల్డర్‌ని చూపిస్తుంది, అక్కడ ఆ ఫైళ్లు ఉండవు. పిలిచిన ఆ ఒకటి రెండు ఫైళ్ల పేర్లతోనే కొత్త ఫైళ్లని అదే దారిలో చైల్డ్‌లో పెట్టి, వాటిలో ఒక్క లైనుతో అసలు ఫైలుని పిలిస్తే గండం గడుస్తుంది.

లోగో, మెనూలు, రంగులు పోయినట్టు కనిపించడం రెండోది. కస్టమైజర్ (లోగో, రంగులు మార్చే పేజీ) సెట్టింగులు థీమ్ పేరు మీద దాచి ఉంటాయి, చైల్డ్ అంటే వర్డ్‌ప్రెస్‌కి వేరే పేరు. ఆప్షన్స్ టేబుల్‌లో థీమ్ మాడ్స్ అని మొదలయ్యే పాత వరస విలువని కొత్తదానిలోకి కాపీ చేస్తే అన్నీ వచ్చేస్తాయి. ఇది ముందు కాపీ సైట్ మీద చేసి చూసుకోండి. బయట సైట్లో చేస్తూ లోగో పోయిన నిమిషంలోనే క్లయింట్ ఫోన్ మోగుతుంది, అనుభవంతో చెబుతున్నా.

మూడోదానికి మా దగ్గర పనిచేసే అబ్బాయి ఒక రోజంతా పోగొట్టుకున్నాడు. థీమ్ తగిలించిన ఒక హుక్‌ని (ఫలానా సమయానికి ఈ కోడ్ నడపమనే పిలుపుని) తీసేయాలని చైల్డ్ ఫంక్షన్స్ ఫైల్లో రిమూవ్ యాక్షన్ రాశాడు. ఏమీ జరగలేదు. "అక్కా, లైన్ కరెక్టే ఉంది" అంటాడు. కరెక్టే. కానీ చైల్డ్ ఫంక్షన్స్ ఫైల్ అసలు థీమ్‌దానికంటే ముందు లోడ్ అవుతుంది. ఇంకా తగిలించని హుక్‌ని తీయబోతున్నాడన్నమాట. ఆ లైనుని ఆఫ్టర్ సెటప్ థీమ్ హుక్‌లోకో, ఇనిట్‌లోకో చుట్టి, థీమ్ ఇచ్చిన ప్రయారిటీ అంకెనే ఇస్తే పనిచేస్తుంది.

వూకామర్స్ ఉంటే ఇంకొకటి చూడండి. స్టేటస్ పేజీలో అడుగున థీమ్ తన ఫోల్డర్‌లో పెట్టుకున్న పాత టెంప్లేట్ల జాబితా వెర్షన్‌లతో సహా ఉంటుంది. కార్ట్, చెకవుట్ ఫైళ్లు పాతబడి ఉంటే, ప్లగిన్‌లో ఉన్న తాజా ఫైలుని చైల్డ్‌లోని వూకామర్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అసలు థీమ్‌దాన్ని ముట్టుకోనక్కరలేదు, చైల్డ్‌దే ముందు దొరుకుతుంది.

తెలుగు తెగిపోయిన చోటు

ఇది ఇంగ్లిష్ గైడ్‌లలో నాకెక్కడా దొరకలేదు కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాను.

షాపు పేజీలో ప్రతి ఫొటో కింద చిన్న వివరం రావాలి. గోంగూర కింద ఇలా వచ్చింది: "గోంగూర పచ్చడి, ఇంట్లో దంచిన కారంతో చే", ఆ తర్వాత నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం. అన్న దాన్ని చూసి "ఇదేం గుర్తు చెల్లె, వెజ్ నాన్‌వెజ్ లెక్కనా?" అన్నాడు.

థీమ్‌లో సబ్‌స్టర్ అనే ఫంక్షన్‌తో వివరాన్ని 100 దగ్గర కత్తిరించారు. ఆ ఫంక్షన్ అక్షరాలు లెక్కపెట్టదు, బైట్లు లెక్కపెడుతుంది. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక బైటు, తేడా తెలియదు. అక్షరాలని కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. పై లైన్లో అచ్చు, హల్లులు, గుణింతాలు, పొల్లులు, సున్నలు కలిపి 31 గుర్తులు, అంటే 93 బైట్లు. కామా ఒకటి, ఖాళీలు ఐదు. మొత్తం 99. నూరో బైటు "చేసింది"లోని స మొదటి ముక్క. మూడో వంతు స ఏ భాషలోనూ అక్షరం కాదు కాబట్టి బ్రౌజర్ ప్రశ్నార్థకం పెట్టింది.

మా అబ్బాయి థీమ్ అంతటా ఎస్కేపింగ్ (రాత కోడ్‌గా నడవకుండా చూసే వడపోత) లేదని చూసి, మంచి పనే అనుకుని, ఈ లైనుకి ఎస్క్ హెచ్‌టీఎంఎల్ తగిలించాడు. దాంతో సగానికి పైగా ఐటమ్‌ల కింద వివరమే పోయింది. కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు, ఏ పద్ధతీ కనపడదు. గంట సేపు కాషే మీద, హోస్టింగ్ మీద అనుమానపడ్డాం. కారణం ఇదీ: ఆ ఫంక్షన్‌కి విరిగిన యూటీఎఫ్-8 ఇస్తే ఉన్నదాన్ని సరిచేయదు, మొత్తం ఖాళీగా తిరిగిస్తుంది. కత్తెర అదృష్టవశాత్తూ అక్షరం అంచున పడ్డవాటికే వివరం మిగిలింది.

ఎంబీ సబ్‌స్టర్ వాడితే ప్రశ్నార్థకం పోతుంది, కానీ అదీ మన భాషకి పూర్తి మందు కాదు. "గోంగూర పచ్చడి"ని పదో గుర్తు దగ్గర కత్తిరిస్తే "గోంగూర పచ్" అని ఆగుతుంది. ఒత్తుకి ముందు పొల్లు దగ్గర తెగిందన్నమాట. డబ్ల్యూపీ ట్రిమ్ వర్డ్స్ వాడండి, మాటల మధ్య ఖాళీ దగ్గరే తెంపుతుంది. పన్నెండు మాటలు పెట్టాను, సరిపోయింది. ఎస్కేప్ చేయడం ఎప్పుడూ కత్తిరించిన తర్వాతే, ఆఖరున.

ఇదే వరసలో ఇంకా ఉన్నాయి. వంటల బ్లాగులో ప్రతి పోస్టు మీదా "చదవడానికి 0 నిమిషాలు" అని వచ్చేది. థీమ్ వాడిన మాటల లెక్క ఫంక్షన్‌కి తెలుగు మాట మాటే కాదు. ఖాళీల దగ్గర విడగొట్టి లెక్కపెట్టుకోవాలి, లేదా ఆ లైనే తీసేయాలి. నేను తీసేశాను. ఆవకాయ పెట్టే విధానానికి ఎన్ని నిమిషాలని ఎవరు చూస్తారు?

ఐటమ్ పేర్ల డబ్బాకి ఎత్తు బిగించి, లైన్ హైట్ 1.1 ఇచ్చి, మించినది దాచేయమని రాశారు. వెల్లుల్లి కాస్తా కింది ఒత్తులు తెగి "వెలులి" అయింది. లైన్ హైట్ 1.6కి పెంచి, ఎత్తు బిగింపు తీసేయాలి. థీమ్ ఇచ్చిన ఫాంట్‌లో తెలుగు ఉండదు, ఏ ఫోన్‌కి ఆ ఫోన్ తన ఫాంట్ చూపిస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లోంచి శీర్షికకి రామభద్ర, రాతకి మండలి తీసుకున్నాను. బోర్డు మీద అక్షరాల్లా ఉన్నాయని వదిన మెచ్చుకుంది.

సపోర్ట్ టికెట్

అడగండి, డబ్బు కట్టారు కదా. "సైట్ పనిచేయట్లేదు" అని రాస్తే "ప్లగిన్లు ఆపి చూడండి" అని జవాబొస్తుంది, అక్కడికి రెండు రోజులు పోతాయి. మీరే ముందు ప్లగిన్లన్నీ ఆపి చూసి, ఆ సంగతి మొదటి లైన్లోనే రాయండి. ఏ ఫైలు, ఏ లైను, ఏం చేస్తే వస్తోంది, ఒక స్క్రీన్‌షాట్. ఒక టికెట్‌లో ఒకే సమస్య. లాగిన్ అడిగితే కాపీ సైట్‌ది మాత్రమే, అదీ కొత్త యూజర్ చేసి ఇచ్చి, పనయ్యాక తీసేయండి. బయట సైట్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంత బాగా అడిగినా ఇవ్వొద్దు. సబ్‌స్టర్ సంగతి నేను టికెట్ పెట్టాను, లెక్కతో సహా. తర్వాతి వెర్షన్‌లో సరిచేశారు. అందరూ చెడ్డవాళ్లు కాదు, వాళ్ల సైట్లో తెలుగు ఎప్పుడూ పడలేదు, అంతే.

వేగం గురించి ఒక్క మాట. పెద్ద ఫొటో కనపడటానికి 2.5 సెకన్ల లోపు అన్నది గూగుల్ పెట్టుకున్న గీత. ఆ గీత దాటిపోతే తప్పు థీమ్‌దే అని వెంటనే అనుకోకండి. మా అన్న కొడుకు కెమెరాలో తీసిన ఆరేసి ఎంబీల ఫొటోలు అలాగే ఎక్కించాడు. వాటిని తగ్గించి, హోమ్ పేజీ స్లయిడర్ తీసేసి ఒక్క ఫొటో పెడితే సగం జబ్బు నయమైంది. డెమోతో వచ్చిన పేజీలు కూడా తీసేయండి. మన పచ్చళ్లని మెచ్చుకుంటున్న ముగ్గురు తెల్లదొరల ఫొటోలు గూగుల్‌కి అప్పటికే ఎక్కి ఉన్నాయి. కాంటాక్ట్ ఫారం ఎవరి మెయిల్‌కి పోతోందో కూడా చూడండి. ఇక్కడ అది డెమోలోని మెయిల్‌కే పోతోంది. మూడు నెలలుగా వచ్చిన ఎంక్వైరీలు ఎవరి దగ్గరున్నాయో దేవుడికెరుక.

ఎప్పుడు వదిలేయాలి

దొంగ కాపీ అయితే, అప్‌డేట్ రెండేళ్లుగా లేక పీహెచ్‌పీ 8 మీద కూలిపోతుంటే, కస్టమర్ల వివరాలు బయటికి పోయే కన్నం కనిపించి రాసినవాళ్లు పలకకపోతే, నేను ఇక కుట్లు వేయను. మామూలు థీమ్ ఒకటి పెట్టి, బయటికి తీసిన సరుకుని దాని మీద సర్దుతాను. సరుకు ముందే ప్లగిన్‌లోకి తెచ్చి ఉంటే ఇది నాలుగైదు రోజుల పని, తేలేదంటే నెల.

మా అన్నది అంతదాకా పోలేదు. పదమూడో రోజు సైట్ బయటికొచ్చింది, చెప్పినదానికంటే ఒక రోజు ఎక్కువ. అప్పగించేటప్పుడు ఒక కాగితం ఇచ్చాను: లాగిన్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయో, బ్యాకప్ ఎక్కడ పడుతుందో, ఏ బటన్ నొక్కకూడదో. కౌంటర్ వెనక గోడకి, జాడీల ధరల పట్టీ పక్కన వదిన దాన్ని టేప్‌తో అంటించింది.

రెండు నెలలకి రాత్రి తొమ్మిదింటికి ఫోన్.

"చెల్లె, థీమ్‌కి అప్‌డేట్ అని ఎర్రగ వస్తుంది. నొక్కాల్నా?"

"నొక్కినవా అన్నా?"

"లేదు లేదు. మీ వదిన కాగితం చూపిచ్చి చెయ్యి పట్టుకుంది."

"అయితే ఆగు. పొద్దున కాపీ మీద నొక్కి చూసి చెప్తా."